కొరకని తువ్వాల

నర్సిములు వాళ్ల నాయినా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

పోయిన వారం బెల్లం పెనం దగ్గర మన కొడుకు నర్సిములు చెయ్యి కాలింది. నీకు కాలిన చోటే, మణికట్టు మీద. అప్పుడు నీకు నా పాత చీర చింపి కట్టేదాన్ని. పొద్దున్నే విప్పబోతే గుడ్డ పుండుకు అంటుకుపోయి ఉండేది. "జల్ది గుంజు" అని చెప్పి, నువ్వు తువ్వాల పళ్లతో బిగబట్టేవాడివి. గుంజలేక ముందు నేనే ఏడ్చేదాన్ని.

ఈసారి వాణ్ని జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి నర్సమ్మ మీగడలాంటి తెల్లటి మందు మందంగా పూసి, పలచటి నూలు గుడ్డ చుట్టింది.

"ఈ మందుల ఎండి ఉంటదమ్మా. చీము పట్టనియ్యదు. ఫికర్ చెయ్యకు" అంది.

వెండి అనగానే నా కాలివేళ్ల వైపు చూసుకున్నాను. మెట్టెలు తీసి ఏడాదైంది కదా.

మర్నాడు కట్టు మార్చేటప్పుడు నీ తువ్వాల వాడి నోటి దగ్గర పెట్టాను.

"గదెందుకమ్మా?" అంది నర్సమ్మ.

"కొరుకుతందుకు."

ఆమె నవ్వి గుడ్డ విప్పింది. అది ఎక్కడా పట్టుకోకుండా మెత్తగా జారి వచ్చేసింది. తల పక్కకు తిప్పుకుని కూర్చున్న వాడు, "అయిపాయెనా?" అని అడిగాడు.

తువ్వాల మడిచి ఇంటికి తెచ్చాను. అంచున నీ పళ్లు దిగిన చిల్లులు అట్లాగే ఉన్నాయి. వాటి పక్కన వాడివి పడలేదు.