కుట్టులో వదిలిన గుడ్డ

పిన్నికి నమస్కారాలు.

ఈ ఉదయం టీ తాగుతుంటే నా నీలం గౌను మూడో గుండీ ఊడి, ఎదుట కూర్చున్న ఆయన కప్పులో పడింది. ఆయన చెంచాతో తీసి, సాసరులో పెట్టి ఇచ్చారు.

నువ్వు కుట్టులో వదిలిన రెండు వేళ్ల గుడ్డ కూడా విప్పేశాను. నడుము ఇప్పుడు ముప్ఫై నాలుగు. కొత్తది కుట్టి పంపుతావా?

నీ అక్క కూతురు

తా.క.: మీ ఇంట్లో నా గది ఖాళీగానే ఉందా? ఊరికే అడిగాను.

*

మా చీపురుపుల్లకి ఆశీస్సులు.

నాలుగంగుళాలు పెరిగావంటే ఆ లైబ్రరీ ఉద్యోగం నీకు పడిందన్నమాటే. దిగులున్నవాళ్లకి ఒళ్లు రాదే. మీ బాబాయి పోయినప్పుడు నాకు నెల్లాళ్లు ముద్ద దిగలేదు. ఒంటిమీద గౌను తీగ మీద ఆరేసినట్టుండేది. నీకు ముప్ఫై అయిదుకి కుట్టాను.

మీ పిన్ని

తా.క.: ఆ ఎదుటాయన ఎవరు?

*

పిన్నికి,

గౌను అందింది. అప్పటికే చాలలేదు. నాకు దిగులేస్తే ఆకలేస్తుంది పిన్నీ. హాస్టల్లో సిస్టరు మార్కులు చదివే రోజున ఆరు బ్రెడ్డు ముక్కలు తినేదాన్ని. ఆయన గురించి రాయడానికేం లేదు. రోజూ ఎదురుగా కూర్చుంటారు. నేను తినేదాకా లేవరు.

నీ అక్క కూతురు

తా.క.: గది సంగతి రాయలేదు.

*

బంగారుతల్లికి (ఇక చీపురుపుల్ల అనకూడదు),

నువ్వు తినేదాకా లేవడా? ఇరవయ్యేళ్ల కాపురంలో మీ బాబాయి ఒక్కనాడు అలా కూర్చోలేదే. వీధంతా చెప్పేశాను. పెళ్లిగౌను మొదలుపెట్టాను, కుట్టులో నాలుగు వేళ్లు వదిలి. దిగులుకి ఆకలేస్తుందని మాత్రం అతనితో అనకు, బెదిరిపోతాడు.

మీ పిన్ని

తా.క.: నీ గదిలో కుట్టుమిషన్లు పెట్టించాను. నీకిక దాంతో పనేముంది?

*

పిన్నికి,

ఆయనకి డెబ్బై రెండేళ్లు. బేకరీ ఆయనదే. ఏదో ఒకటి తింటూ ఉంటే ఎంతసేపైనా కూర్చోవచ్చని అక్కడ గోడమీద రాసి ఉంది. నేను తొమ్మిదింటికి వెళ్లి అయిదింటికి లేస్తాను. నిన్న ఆయన, “ఇక చాలమ్మా, ఊరికే కూర్చో” అన్నారు. ఏడుపొచ్చింది. ఇంకో బన్ను తిన్నాను.

మిషన్లు తీయించకు. మధ్యలో ఒక పరుపు పడుతుందేమో కొలిచి చూడు. నా కొలత ముప్ఫై ఎనిమిది అనుకో. పెళ్లిగౌను కూడా విప్పకు. నాకు పట్టేది ఇక అదొక్కటే.

నీ అక్క కూతురు

తా.క.: బేకరీ కిటికీలోంచి లైబ్రరీ తలుపు కనిపిస్తుంది. దానికి తాళం వేసి నాలుగు నెలలైంది.