బొంగురు గొంతు

1969 మార్చి, ఆదివారం రాత్రి. గుంటూరు.

ఈస్టరు పాటల రిహార్సల్లో క్వయర్ మాస్టారు ఇవాళ కూడా అదే మాట అన్నారు. "నీది బొంగురు గొంతమ్మా. నువ్వు ఊరికే పెదాలు కదిలించు, చాలు."

సాయంత్రం అమ్మ దగ్గుకి మందు కోసం డాక్టరమ్మ గారింటికి వెళ్ళాం. ఆవిడ అమెరికా నుంచి తెప్పించుకున్న రికార్డు పెట్టారు. అట్ట మీద జుట్టు విరబోసుకుని, కళ్ళు మూసుకుని పాడుతున్న తెల్లమ్మాయి. పత్తి చేలల్లో కూలి చేసిన నల్లవాళ్ళ పాటల్లోంచి పుట్టిన బాణీ అట. గిటార్లు హోరెత్తుతుంటే ఆ అమ్మాయి గొంతు పగిలింది. ఆపలేదు. ఆ పగిలిన గొంతుతోనే ఇంకా పైకి వెళ్ళింది. జనం ఒకటే చప్పట్లు! రెండు వైపులూ విన్నాక కూడా నాకు లేవబుద్ధి కాలేదు.

వరండాలో కూర్చున్న అమ్మ లోపలికి తొంగిచూసింది. "ఎవరండీ ఆ పిల్ల? పాపం, మాలాగే మిరపకాయల తొడిమలు తీసిందేమో, ఘాటుకి గొంతు పోయింది. మిరియాల పాలు కాచిచ్చే వాళ్ళే లేరా?"

డాక్టరమ్మ గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ గొంతుని ఎవరూ బాగుచెయ్యకూడదు దేవుడా అనుకున్నాను.

చిన్నప్పుడు కళ్ళంలో తన పక్కన కూర్చోబెట్టుకుని తొడిమలు తీయించబట్టే నా గొంతు ఇలా అయిందని అమ్మ బాధ. అందుకే రోజూ పడుకోబోయే ముందు నాకు మిరియాల పాలు ఇస్తుంది.

చర్చి నిండా జనం ఉండగా, పగిలితే పగిలిందని, ఒక్కసారి అలా పాడాలని ఉంది. ఎవరు పాడనిస్తారు...

అమ్మ నిద్రపోయింది. పాల గ్లాసు బల్ల మీదే చల్లారిపోయింది. ఇవాళ తాగలేదు.