గొంతు లేని క్యాసెట్

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

సుబ్బలక్ష్మక్కకి,

శీను నమస్కారాలు. నువ్వూ బావగారూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. చిన్నదానికి దగ్గు తగ్గిందా? బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. ఇదే చివర్లో రాస్తే, మిగతా ఉత్తరం చదివాక నువ్వు నమ్మవు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మన కోనసీమలోలా కొబ్బరిచెట్ల నీడ ఉండదు. ఒంటి మీద చెమట ఆరదు. రేవులో బొగ్గూ ఇనుపరాయీ దుమ్ము లేచి, డాబా మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగో చెప్పలేం. ఆఫీసులో పని మామూలే. ఓడ వస్తే రేవులో పరుగులు, రాకపోతే కుర్చీలో కూర్చుని టీలు. మెస్సులో సాంబారు పల్చగా ఉంటుంది కానీ కడుపు నిండుతోంది. నా తిండి గురించి బెంగ పెట్టుకోకు.

"క్యాసెట్టు ఎప్పుడొస్తుందిరా, వీధి వీధంతా చెప్పేశాను" అని రాశావు. అది చదివి ఏం జవాబు రాయాలో తోచక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు కూడా తోచడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివి నీకేం అర్థమైందో నాకు చెప్పు.

మాది ముగ్గురి బ్యాండు. డ్రమ్స్ వాయించేది రఘు. వాళ్ళది కృష్ణా జిల్లా, నాన్నగారిది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. దువ్వాడ స్టేషన్ దగ్గర వాళ్ళ మేడ మీద గదిలోనే మా ప్రాక్టీసు. రైలు వెళ్తుంటే ఆపి, వెళ్ళాక మళ్ళీ అందుకుంటాం. పాటలు కట్టి, గిటారు వాయిస్తూ పాడేది ధనరాజు. జాలరిపేటవాడు. నేను బేస్ గిటారు. బావగారి ఆర్కెస్ట్రాలో అందరూ ముందు వరసలో నిలబడతామని పోట్లాడుకుంటుంటే, వెనక నిలబడ్డానికి ఒప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఆ నాలుగు తీగల గిటారు తెచ్చి నా మెడలో వేశారు. అప్పటినుంచీ అదే నా చోటు.

అక్కడ మనం సినిమా పాటలు ఉన్నదున్నట్టు వాయించేవాళ్ళం. ఇక్కడ అన్నీ మా సొంత పాటలే. ధనరాజు వాళ్ళ పేట మాటల్లోనే కడతాడు. వల చిరిగిన రోజు వాళ్ళమ్మ తిట్టిన తిట్లు కూడా వాడి నోట్లో పాటైపోతాయి. మొదట్లో కాలేజీ కుర్రాళ్ళు "సినిమా పాట, సినిమా పాట" అని గోల చేసేవాళ్ళు. తగరపువలసలో అయితే పాట మధ్యలో ఎవడో మైకు వైరు పీకేశాడు. అయినా ప్రోగ్రాములిస్తూ తిరిగాం. పోయిన ఏడాది నుంచీ జనం కాస్త ఆగి వినడం మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి క్యాసెట్లు వేసే ఒకాయన, చేతిలో సెల్ ఫోనుతో వచ్చి, మా ప్రోగ్రాం చూసి, డాబాగార్డెన్స్‌లో రికార్డింగు గది మాట్లాడాడు. ఆ సంబరంలోనే నీకు రాసేశాను.

రికార్డింగుకి వారం ఉందనగా ధనరాజు ప్రాక్టీసుకి రాలేదు. మర్నాడూ రాలేదు. నేనూ రఘూ జాలరిపేట వెళ్ళాం. వాళ్ళమ్మ పోలమ్మ ఇసకలో చేపలు ఎండబెడుతోంది.

"ఆడు లేడు బాబూ. ఓడెక్కీసినాడు," అంది.

వేటకి వెళ్ళాడనుకుని, "ఎప్పుడొస్తాడమ్మా?" అన్నాను.

"ఏట పడవ గాదు. పెద్ద ఓడ. అందులో పనికెల్లినాడు. ఏడాది పడతాదో, ఇంకెంతో." చేపలు తిరగేస్తున్నది ఆగి నా మొహంలోకి చూసింది. "నీకు సెప్పలేదేటి? శీనుకి సెప్పీసినానమ్మా అన్నాడే నాతోటి."

అక్కా, నాకు చెప్పలేదు. ఎంత గుర్తు చేసుకున్నా చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రఘు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. గాజువాక దాటాక అన్నాడు. "రేవులో పనిచేసేది నువ్వు. నీకు తెలియకుండా వాణ్ణి ఓడ ఎవరెక్కించార్రా?"

"నాకు తెలియదు."

"వాళ్ళమ్మ అబద్ధం చెప్తుందా?"

దానికీ తెలియదనే అన్నాను. ఇంకేమనను? ఆఫీసులో కనుక్కుంటే, ఓడ మీద పని కుదరాలంటే నెలల తరబడి తిరగాలన్నారు. అంటే ఆ నెలలన్నీ మా పక్కన నిలబడి పాడుతూ, నా కంచంలోంచి అప్పడం లాక్కుని తింటూ, వాడికి తెలుసన్నమాట.

ఒక్క మాట మాత్రం గుర్తొచ్చింది. ఒకరోజు తీగలు సరిచేసుకుంటుంటే ధనరాజు, "బావా, నాను లేపోతే నువ్వు పాడగలవేటి?" అన్నాడు. "నా గొంతు వింటే కాకులు లేచిపోతాయి" అని నవ్వేశాను. వాడూ నవ్వాడు. చెప్పడమంటే అదేనా? అదే అయితే నేను వినలేదా, వాడు సరిగ్గా చెప్పలేదా? ఈ ప్రశ్న పట్టుకుని పోర్టు రోడ్డంతా నడిచాను, తేలలేదు.

క్యాసెట్ల కంపెనీ ఆయనకి ఇవేవీ పట్టలేదు. "పాటలున్నాయి, గది మాట్లాడాను. నువ్వు పాడు" అన్నాడు. రఘు కూడా పాడమన్నాడు. పాటలు ధనరాజువి కదా అంటే, "ముగ్గురం కూర్చుంటే తయారయ్యాయి. వాడు దిగిపోతే బండి ఆపేస్తామా?" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. కానీ వాళ్ళమ్మని అడగకుండా పాడబుద్ధి కాలేదు. మళ్ళీ జాలరిపేట వెళ్ళాను.

"పాటకి పట్టా ఉంటాదేటి నాయినా? పాడు సూద్దుం," అంది పోలమ్మ.

గిటారు లేకుండా, ఆ ఇసకలో నిలబడి పాడాను. మొదటి మాటలోనే చిక్కొచ్చింది. ధనరాజు 'నాను' అని ఎత్తుకుంటాడు. నేను పుట్టి బుద్ధెరిగి 'నేను' అన్నవాణ్ణి. 'నాను' అంటే వాళ్ళని వెక్కిరించినట్టుంది, 'నేను' అంటే పాట నడక కుంటుతోంది. ఒక చరణంలో అదీ, ఇంకో చరణంలో ఇదీ అనేశాను. ఆమె చేపల మీద కాకుల్ని తోలుకుంటూ చివరిదాకా విన్నది.

"బాగానే పాడినావు. మావోడి పాటలాగ నేదు," అంది.

"అయితే పాడొద్దంటావా అమ్మా?"

"నానలాగ అన్నేదే."

"మరి పాడమంటావా?"

"అదీ అన్నేదు. ఎండెక్కతంది, గంజి తాగీసి ఎల్లు."

తాగేసి వచ్చాను. ఒప్పుకుందో లేదో ఇప్పటికీ తెలియదు.

రికార్డింగు రోజు వాయిస్తూ పాడాలని చూశాను. బావగారికి చెప్పు, ఆయనకి తెలుస్తుంది. పాట పైకి పోతుంటే బేస్ దాని వెంట పోకూడదు, కింద తన నడక తాను నడవాలి. నేను నోరు తెరవగానే వేళ్ళు గొంతు వెంట పరిగెత్తాయి. నోరు మూస్తే దారికొచ్చాయి. అప్పుడు రికార్డు చేసే అతను, "ముందు మీ ఇద్దరూ వాయించేయండి, గొంతు తర్వాత కలుపుదాం" అన్నాడు. పాటలన్నీ అలాగే వాయించాం. బాగా వచ్చాయి అక్కా. అంత బాగా మేం ఎప్పుడూ వాయించలేదు.

తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. నేను వాయించిందే నా చెవుల్లో మోగుతోంది. ధనరాజు ఊపిరి తీసుకునే చోట నేనెప్పుడూ కాస్త ఆగుతాను. ఆ రోజూ ఆగాను. వాడు లేకపోయినా నా వేళ్ళు వాడికోసం ఆగాయి. అది వింటూ ఉండగానే నేను ఎత్తుకోవలసిన చోటు దాటిపోయింది. ఇంకోసారి వేశారు. మళ్ళీ అంతే.

"నేను పాడను సార్," అన్నాను.

"గొంతు లేని క్యాసెట్టు ఎవడు కొంటాడయ్యా?" అన్నాడు కంపెనీ ఆయన. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. వాయించిందాని కాపీ ఒకటి నా చేతిలో పెట్టి ఆ సాయంత్రమే రైలెక్కేశాడు. రఘు నా కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు. మళ్ళీ శనివారం నా గది తలుపు కొట్టి, గుమ్మంలోనే నిలబడి, "రేపు ప్రాక్టీసుందా లేదా?" అన్నాడు. ఉందన్నాను. మర్నాడు వెళ్ళాను, ఇద్దరమే వాయించాం.

కాబట్టి క్యాసెట్టు రావడం లేదక్కా. వీధిలో వాళ్ళకి ఏం చెప్పుకుంటావో, నీకు తలవంపులు తెచ్చానేమో. బావగారు ఆర్కెస్ట్రాలోకి తిరిగి వచ్చెయ్యమని కబురు చేశారు. ఆయన మాట నాకు శిరోధార్యం. కానీ ఇప్పుడే రాలేనని చెప్పు. ధనరాజు మీద కోపం పొద్దున వస్తుంది, అన్నం తినేవేళకి పోతుంది. రేవులోకి కొత్త ఓడ వచ్చిందంటే నాకు పని లేకపోయినా వెళ్ళి చూస్తున్నాను.

ఎవరైనా ఇటు వస్తుంటే తేగలూ, కాస్త శొంఠీ పంపు. డబ్బాడు వడియాలు కూడా పంపితే రఘు వాళ్ళమ్మగారికి ఇస్తాను, మా మోత భరిస్తున్నందుకు.

ఇంకొక్క సంగతి. మొన్న టేప్‌రికార్డరు అరువు తీసుకుని జాలరిపేట వెళ్ళాను. పోలమ్మ చేపలమ్మి అప్పుడే వచ్చి, ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. పాట వేశాను. టేప్‌రికార్డరు దగ్గరికి చెవి వంచి వింది.

"ఈ బుంగుబుంగుమంటన్నది నువ్వేనేటి?" అంది.

"నేనేనమ్మా."

"ఆడు పాడతంటే నాకిది ఇనబడీదే గాదు."

కొడుకు గొంతు రావలసిన చోట ఆమె పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. పాట అయిపోయాక మళ్ళీ వెయ్యమంది. వేశాను. అదీ అయ్యాక చెయ్యి చాపింది. టేపు తీసి ఇచ్చాను. తడి చెయ్యి చీరకి తుడుచుకుని, దాన్ని బొడ్డు సంచిలో పెట్టుకుంది.

"ఇది నాకాడుంటాది. నువ్వు మల్లీ వాయించుకోగలవు గదా," అంది.

వాయించుకోగలనన్నాను.

పెద్దవాళ్ళందరికీ నా దండాలు, పిల్లలకి ముద్దులు. బావగారి పాదాలకి నా బదులు నువ్వే మొక్కు. నీ దీవెన ఎప్పటిలాగే నా మీద ఉంచు.

నీ తమ్ముడు,
శీను