వెన్నముద్దలో అబద్ధం

1వ తేదీ, ఉదయం
ఈరోజు నుంచి అబద్ధం ఆడను! దర్జీ పనిలో ఇన్నేళ్లు ఆడింది చాలు. బట్ట కత్తిరించకుండానే "గుండీలే మిగిలాయండీ" అనేవాణ్ణి. ఇక అనను. ఒళ్లు దూదిలా తేలిపోతోంది.

సాయంత్రం
ఒకాయన చొక్కా కోసం వచ్చాడు. "మొదలే పెట్టలేదు" అన్నాను. బట్ట లాక్కుని వెళ్లిపోయాడు. పోతే పోనీ.

4
మా కుక్క దొర దగ్గు ఎంతకీ తగ్గడం లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. ఊపిరితిత్తుల్లో బూజు! తడిమట్టి వాసన చూస్తుంటే లోపలికి పోయిందట. ఒళ్లంతా పాకుతుందట. చాలా అరుదట. వీడి నుంచి మనకి అంటదట. నెలల తరబడి రోజూ మాత్ర వెయ్యాలి. "మానేస్తే కుక్క దక్కదు" అంది.
మా ఆవిడ మాత్రని వెన్నముద్దలో దాచబోయింది. వద్దన్నాను. నిజం చెప్పే మింగిస్తా.

5
దొర ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని అంతా వివరించాను. బూజు సంగతి, మాత్ర చేదు సంగతి. శ్రద్ధగా విన్నాడు. మింగేశాడు! నిజానికెంత బలం!

12
దొరకి ఏమైందని పక్కింటావిడ అడిగింది. "ఒంట్లో బూజండీ." పరుగో పరుగు. అంటదని అరిచినా ఆగలేదు. కొట్టుకి ఒక్కడూ రావడం లేదు.

19
దగ్గు ముదిరింది. దొర అన్నం ముట్టడం లేదు. మాత్ర తప్పకుండా వేస్తున్నానని డాక్టరమ్మకి ఒట్టేసి చెప్పాను. ఇంటికొచ్చి మిషను కింద పీలికల బుట్ట కదిపితే... మాత్రలు! అన్నీ! మింగినట్టు నటించాడు వెధవ. ఇంట్లో అబద్ధం మానింది నేనొక్కణ్ణే. నా నిజాయితీ వీణ్ణి చంపేస్తోంది. ఏడుపొచ్చింది.

20
దొర నోరు తెరిపించి మాత్ర వెయ్యబోయాను. రెండు వేళ్లకి కట్టు. మాత్ర దాచి వెన్నముద్ద పెడితే మొహం తిప్పుకున్నాడు.
"మనం కొట్టుకుంటేనే వాడికి కావాలనిపిస్తుంది అల్లుడుగారూ" అన్నారు మా దగ్గరే ఉంటున్న అత్తగారు.
ఏడింటికి మొదలెట్టాం. "ముద్ద నాది!" అన్నాను. "పోరా, నీకెందుకిస్తాను!" అన్నారు ఇన్నేళ్లూ నన్ను 'మీరు' అన్న అత్తగారు. మా ఆవిడ జుట్టు విరబోసుకుని అడ్డం పడింది. ముద్ద పొరపాటున జారింది. గుటుక్కు! నోరు తెరిపించి చూశాం. లోపల ఏం లేదు!
ఇది అబద్ధం కాదు, నాటకం. లెక్కలోకి రాదు.

పై నెల, 15
అత్తగారు ఇప్పుడు మూర్ఛ కూడా పోతున్నారు. రోజూ ఆ గొడవేంటని పక్కింటావిడ అడిగితే ఆస్తి తగాదా అన్నాను. పోయిన వారం బట్ట తిరిగి తెచ్చిచ్చిన చొక్కా ఆయన ఇవాళ మళ్లీ వచ్చాడు. "గుండీలే మిగిలాయండీ." అబ్బ, నోటికెంత హాయి! దొర అన్నం తింటున్నాడు. నాకది చాలు.

ఆరు నెలల తర్వాత
ఎక్స్‌రే శుభ్రం! మాత్రలు ఆపెయ్యమంది డాక్టరమ్మ. దొరని వాటేసుకుని అక్కడే ఏడ్చేశాను.
ఏడింటికి వాడొచ్చి మా మధ్య కూర్చున్నాడు. మేం కదల్లేదు. అత్తగారి కొంగు పట్టుకుని నా మీదికి లాక్కొచ్చాడు. ఓరి నీ! అంతా తెలిసే చూస్తున్నాడన్నమాట!
"ముద్ద నాది!" అని అరిచాను. ఉత్త వెన్నముద్ద జారిపడింది. మింగి, తనంతట తనే నోరు తెరిచి చూపించాడు.
రేపటి నుంచి అబద్ధం ఆడను. ఒట్టు. ఏడింటికి తప్ప.