ఉప్పు తగ్గిన నాలుక

అక్కయ్యకు,

తమ్ముడు రాసే సంగతులు. ఇక్కడ నేను, మీ మరదలు బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ ఇంట్లో అందరూ బాగున్నారనే అనుకుంటూ మొదలుపెడుతున్నాను.

నాలుగు రోజులుగా గాలి పడిపోయింది. ఎండ మాత్రం నిప్పులు చెరుగుతోంది. గాలి లేకపోతే నీళ్ళు సరిగా ఇగరవు కాబట్టి కొత్త ఉప్పుమడులు నింపడం ఆపేశారు. ఈ రోజు శుక్రవారం. పొద్దున్నుంచి పాత మడుల్లో ఉప్పు లాగి గట్ల మీద పోశాం. మధ్యాహ్నానికి పదకొండు కుప్పలు తేలాయి. నేను కూడా ఉప్పు లాగే చెక్క ఒకటి పట్టుకుని లాగాను. పన్నెండేళ్ళుగా పట్టనివాడు ఇప్పుడెందుకు పట్టాడని అడుగుతావు. వరసలో రాస్తాను.

ఈ ఉత్తరం అందేసరికి బావ ఇంటికి వచ్చి ఉంటాడు. ఎందుకొచ్చావంటే, గాలి లేదు, పని తగ్గింది అని చెప్తాడు. నువ్వు నమ్మొద్దు. అలాగని ఆయన్ని నిలదీయనూ వద్దు. ముందు ఇది చివరిదాకా చదువు.

ఎండుచేపల పొట్లంలో పెట్టిన నీ ఉత్తరం ఆదివారం లారీ డ్రైవరు ఇచ్చాడు. నువ్వు మూడు అడిగావు. నా బి.పి. ఎంతుంది, నడుస్తున్నానా లేదా, చేపలు ఎలా ఉన్నాయి అని. మొదటి రెండూ నాకు ఒళ్ళు మండించేవే. వాటితోనే మొదలుపెడతాను.

పది వారాల కిందట ఆరోగ్య కేంద్రం నర్సు మా షెడ్డుకు వచ్చి, పనివాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి చూసింది. నా చేతికి బి.పి. పట్టీ మూడుసార్లు చుట్టి చూసింది. నూట డెబ్భై, నూట నాలుగు అంది. నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగలేదు, ఏమీ లేదు. అదే చెప్పాను.

"ఏమీ తెలియకపోవడమే దీనితో వచ్చిన చిక్కు మేస్త్రీగారూ" అంది. "రోజుకి ఎంత నడుస్తారు?"

"ఈ మడులన్నీ నా కిందవే కదమ్మా" అన్నాను.

నా వెనకాల బావ ఉన్నాడు. "ఆయన నడవడమ్మా. నీళ్ళే గిన్నె ఎక్కి ఆయన దగ్గరికి నడిచొస్తాయి" అన్నాడు. షెడ్డంతా ఒకటే నవ్వు.

అది అబద్ధం కాదనుకో. నా పని నీకు తెలిసిందే. బావ మడిలోంచి గిన్నెడు నీళ్ళు ముంచి తెస్తాడు. నేను ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, "పక్వం" అంటాను, లేదా "ఇంకా" అంటాను. పక్వం అంటే ఆయన తూము ఎత్తి ఆ నీళ్ళను ఉప్పు గట్టే మడిలోకి వదులుతాడు. ఇంకా అంటే వదలడు. నన్ను నాలుక మేస్త్రీ అనేది అందుకే. దానికి కుర్చీ కావాలి, నీడ కావాలి. కాళ్ళతో ఏం పని? అయినా పదిమందిలో అనాల్సిన మాట కాదు.

తర్వాత ఆ నర్సు ఏమందో తెలుసా? ఉప్పు తగ్గించమంది. ఎవరితో? నాతో.

"ఎక్కడ తగ్గించాలి?" అన్నాను.

"కూరలో. ఎండుచేపల్లో."

"అమ్మా, నేను చేసేదే ఉప్పు."

"చేయండి. ఎవరొద్దన్నారు? తినడం తగ్గించండి."

"మరి రోజంతా నాలుక మీద వేసుకునేది?"

"మింగుతారా?"

"ఉమ్మేస్తాను."

"అయితే దాని జోలికి నేను రాను. మీ ఇంట్లో డబ్బా సంగతే నేను చెప్పేది. ఈ మాత్ర రోజూ పొద్దున ఒకటి. అరగంట గట్టిగా నడక. సిగరెట్లు మానేయాలి. పొట్ట కొంచెం కరగాలి. కోపం తగ్గించుకోవాలి."

అప్పటిదాకా నాకు కోపం రాలేదు. ఆ చివరి మాటతో వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి బావ ముందే వచ్చి మొత్తం చెప్పేశాడు. మీ మరదలు ఆ సాయంత్రమే ఉప్పు డబ్బా తీసి మా పక్కనున్న బావ గదిలో పెట్టించింది. గుమ్మం దాటితే కొండలా ఉప్పు, ఇంట్లో చిటికెడు లేదు. ఆ వారం కూర నోట్లో పెడితే తడి గుడ్డ నమిలినట్టుండేది. కుప్ప దగ్గర గుప్పెడు తీసి జేబురుమాలులో మూట కట్టుకున్నాను. అన్నం ముందు కూర్చుని ముడి విప్పుతుంటే బావ చూశాడు.

"ఏమోయ్ బావమరిదీ, సొంత కంపెనీలోనే దొంగతనమా?"

"ఇది నా నాలుక చేసిన ఉప్పు."

"అయితే ఇంకా మంచిది. చేసినవాడికి చూసుకుంటే చాలదూ?" అని మూట లాక్కుని గోడవతల పారేశాడు.

ఇక నడక. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. తెల్లారగానే బావ వచ్చి తలుపు కొట్టేవాడు. గట్ల మీద కాదు, రోడ్డు మీద నడవాలట. బస్సు ఆగే చోటుదాకా పోయి, మళ్ళీ వెనక్కి. మొదటిరోజు లారీ ఎక్కడానికి నిలబడ్డవాళ్ళంతా, "మేస్త్రీ, ఎక్కడికి?" అని అడిగారు. ఎక్కడికని చెప్పను? ఎక్కడికీ కాదు. పని లేకుండా, సామాను లేకుండా, పిలిచినవాళ్ళు లేకుండా, ఇద్దరు మగవాళ్ళు చేతులూపుకుంటూ పోయి ఊరికే తిరిగి రావడం. నాకు తల కొట్టేసినట్టయింది. సగం దారిలో ఊపిరందక ఆగితే, "మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడగలిగితే మాత్రం నువ్వు దొంగనడక నడుస్తున్నట్టు" అన్నాడు. నర్సు చెప్పిందట. నేను మాట్లాడలేదు, పాడలేదు. బూతులు మాత్రం వచ్చాయి.

నీ మొదటి ప్రశ్నకు జవాబు, పోయిన నెలలో నూట యాభై, తొంభై నాలుగు. ఆ తర్వాత మూడు వారాలకు నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఆరు. సిగరెట్లు రోజుకు రెండుకు వచ్చాయి. నడుము బెల్టు ఒక కన్నం లోపలికి జరిగింది. వాళ్ళు చెప్పిందే జరిగింది. అది ఇంకా మంట.

అంతకంటే మంట పుట్టించింది మనుషుల తీరు. నాతో ఎవరూ గట్టిగా మాట్లాడటం మానేశారు. నేను మాట తూలినా, "పోనీలే, మేస్త్రీకి బి.పి." అని తప్పుకుంటారు. పొయ్యి దగ్గర పాలగిన్నెను చూసినట్టు చూస్తారు. మేనేజరు కూడా అంతే. ఆయన ఒక గాజు గొట్టం తెప్పించాడు. నీళ్ళలో వేస్తే నిలువుగా తేలుతుంది, దాని మీద అంకెలుంటాయి. ఇరవై ఐదు దగ్గర తేలితే పక్వమట. ఇరవై ఆరేళ్ళుగా నా నాలుక చెప్పేది ఆ గొట్టం చెప్తుందా అని అడిగితే, "అబ్బే, ఊరికే ఉంచాం, మీరు ఆవేశపడకండి" అన్నాడు. దాన్ని డబ్బాలోనే పెట్టి మూత వేయించాను. నా నాలుక ఎప్పుడు తప్పుతుందా అని ఆయన ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. తప్పితే నా కుర్చీ ఉండదు.

అక్కా, ఇంతవరకూ రాసింది నిజమే. రాయకుండా పక్కన పెట్టుకుంటూ వచ్చింది ఇప్పుడు రాస్తాను.

మూడు వారాల కిందట మూడు మడులకు నీళ్ళు వదిలాం. తీరా ఉప్పు గట్టాక చూస్తే అడుగున సున్నంలాంటి తెల్లటి పొర. నీళ్ళు పక్వానికి రాకముందే వదిలితే ఆ పొర ముందు దిగుతుంది, ఉప్పు దాంట్లో కలిసిపోతుంది. అది తినడానికి పనికిరాదు. మూడు మడులూ గీకి మళ్ళీ మొదటినుంచి తయారుచేసుకోవాలి.

పోయిన శనివారం మేనేజరు బావనూ నన్నూ ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"తూము ఎవరెత్తమన్నారు?" అన్నాడు.

బావ నా వైపు చూశాడు. ఆ రోజు గిన్నె తెచ్చింది ఆయనే. రెండుసార్లు అడిగాడు కూడా. "మొన్నటి మడికంటే పలచగా ఉందేమోనోయ్, ఇంకోసారి చూడు" అన్నాడు. "నాకు చెప్పొచ్చావా, పక్వం, ఎత్తు" అన్నాను. అన్నానని నాకు బాగా గుర్తుంది. గుర్తుండే, "నేను పక్వం అనలేదు, ఆయనే తొందరపడి ఎత్తి ఉంటాడు" అన్నాను.

మేనేజరు నమ్మలేదు. "మేస్త్రీ, నిజం చెప్పండి" అని గొంతు పెంచబోయాడు. నేను గుండె మీద చెయ్యి వేసుకుని బల్ల అంచు పట్టుకున్నాను. నాకేమీ కాలేదు. తల తిరగలేదు, చెమట పట్టలేదు. ఊరికే పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఏ బి.పి. పేరు చెప్తే నాకు ఒళ్ళు మండేదో, దాన్నే అడ్డం పెట్టుకున్నాను.

"ఆయన్ని కూర్చోబెట్టండి సార్, మంచినీళ్ళివ్వండి" అన్నాడు బావ. "తూము ఎత్తింది నేనే. రాసుకోండి."

మంగళవారం దాకా పని చేసి వెళ్ళిపొమ్మన్నారు.

మర్నాడు నీ చేపలొచ్చాయి. మీ మరదలు జాలిపడి ఒక్కటి కాల్చి పెట్టింది. నోట్లో పెట్టగానే ఉమ్మేశాను. మడిలో నీళ్ళు పుక్కిలించినట్టుంది. అక్కయ్యకు వయసు మీద పడింది, చెయ్యి తప్పిందని అన్నాను కూడా. బావ ఒక ముక్క తిన్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా ఇదే చెయ్యి, ఇదే ఉప్పు" అన్నాడు. నా మొహం చూడలేదు.

నేను షెడ్డుకు పోయాను. ఆదివారం కనుక ఎవరూ లేరు. గిన్నెతో నీళ్ళు ముంచి నాలుక మీద వేసుకుంటే పక్వం అనిపించింది. డబ్బా మూత తీసి గాజు గొట్టం వేశాను. పంతొమ్మిది దగ్గర తేలింది. పక్క మడిలో ముంచాను. అదీ అంతే. నీ చెయ్యి తప్పలేదు అక్కా. పది వారాలు ఉప్పు తగ్గించేసరికి నాలుకకు తక్కువే ఎక్కువగా తోస్తోంది. ఇలా జరుగుతుందని నర్సు చెప్పలేదు. చెప్పాల్సింది. కూర పక్వం, మడి పక్వం ఒకే నోటితో చూసేవాడు ఉంటాడని ఆమెకెలా తెలుస్తుందని మీ మరదలు అంటుంది. అదీ నిజమే.

సోమవారం నర్సు వచ్చింది. నూట అరవై ఎనిమిది, నూరు.

"మళ్ళీ ఉప్పు మొదలుపెట్టారా?"

"లేదమ్మా, డబ్బా అన్నయ్యగారి గదిలోనే ఉంది" అంది మీ మరదలు.

"నడక ఆపారా?"

"ఒక్కరోజు కూడా ఆపలేదు" అన్నాడు బావ.

"మాత్ర?"

"వేసుకుంటున్నాను" అన్నాను.

"మరి ఏం చేశారు?" అంది.

బుధవారం పొద్దున బావ సంచి నేను పట్టుకున్నాను. రోజూ నడిచే దారే. "ఇవాళ ఫర్వాలేదోయ్, ఎక్కడికని అడిగితే బస్సుకని చెప్పొచ్చు" అన్నాడు. దారిలో రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆయనే, "మాట్లాడకు, ఆయాసం వస్తుంది" అన్నాడు. బస్సు మెట్టు మీద నిలబడి మాత్ర మానొద్దని, ఇకమీదట ఒంటరిగానైనా నడవమని చెప్పాడు. ఆయన మీద కూడా నాకు కోపమే అక్కా. నన్నెందుకు కాపాడాలి? నేనేమైనా పగిలిపోయే కుండనా? ఆ గదిలో నా చొక్కా పట్టుకుని, "అన్నావా లేదా" అని అడిగి ఉంటే, అన్నాననే చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణనే అనుకుంటున్నాను.

నిన్న ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. చెయ్యి ఎక్కడా వేసుకోలేదు. ఈసారి మేనేజరు గొంతు పెంచాడు. పెంచనిచ్చాను. బయటి వరండా దాకా వినిపించిందట. ఇకమీద పక్వం ఆ గాజు గొట్టమే చూస్తుంది, నాకు ఉప్పు లాగే చెక్క. అంతా అయ్యాక, బావ తిరిగి వస్తే తూము దగ్గర ఆయన పని ఆయనకే ఉంటుందని ఒక కాగితం మీద రాసిచ్చాడు. అది ఈ కవరులోనే పెట్టాను. రావడం, రాకపోవడం బావ ఇష్టం. నువ్వు నా తరఫున ఒక్క మాట కూడా చెప్పొద్దు. ఈ ఉత్తరం మాత్రం ఆయన ముందే గట్టిగా చదువు.

ఉప్పు డబ్బా బావ గదిలోంచి మీ మరదలు తెచ్చుకుంది. కూరలో మాత్రం పెంచలేదు, నేను అడగలేదు. ఈ పూట కూడా నడిచి వచ్చాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

బావ బుధవారం ఉదయం ఆరున్నర బస్సుకు బయల్దేరాడు. నేను గురువారం పదకొండు గంటలకు కుర్చీ దిగాను.

ఇట్లు,
నీ తమ్ముడు