బ్లెస్సీ పుట్టిన చోటు

కొత్తపేట,
4 జూన్ 2010

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట నీ బ్లెస్సీ వందనాలు. ఫోన్లో నా పుట్టుక మాట ఎత్తితే చాలు, లైన్ బాగాలేదంటావు. అందుకే ఉత్తరం.

నర్సింగ్ రెండో ఏడు పాసయ్యాను. పాస్‌పోర్టుకు పెట్టుకుందామంటే నేను పుట్టినట్టు ఏ ఆసుపత్రి కాగితమూ లేదు. బడి సర్టిఫికెట్‌లో మాత్రం కొత్తపేట అని ఉంది. అరుణమ్మ పెద్దమ్మను అడిగితే మామిడికాయ కోస్తున్న చెయ్యి ఆపేసి, "మీ అమ్మనే అడుగు బిడ్డా, నేను చెప్తే బాగుండదు" అన్నది.

నాన్న గుండె ఆగి చనిపోయాడంటావు, సమాధి ఎక్కడో చెప్పవు. నన్ను ఎనిమిదేళ్లకే పెద్దమ్మకు అప్పగించి మళ్లీ కువైట్ పోయావు. నేను అసలు నీ బిడ్డనేనా? నిజం రాయి.

నీ బ్లెస్సీ


కువైట్,
25 జూన్ 2010

నా బంగారు తల్లికి,

నువ్వు నా కడుపునే పుట్టావు. పేతురే నీ తండ్రి.

తొంభైలో ఇరాక్ సైన్యం ఇక్కడికొచ్చినప్పుడు నేను నిండు చూలాలిని. సరిహద్దుకు పోయే లారీలో ఒక్కరికే చోటుంది. మీ నాన్న నన్ను ఎక్కించి, "నువ్వు ముందు పో. నేను ఎనక బండిల ఒస్తా" అన్నాడు. రాలేదు.

జోర్డాన్ సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాలు. మూడో రోజు నాకు నొప్పులొచ్చాయి. ఇసుకగాలి లేచింది. అప్పుడు ఆడవాళ్లు కదిలారు. మలయాళీలు, బెంగాలీలు, ఫిలిప్పీన్స్ పిల్లలు, ఒక ఈజిప్టు ముసలమ్మ. ఒకరి భాష ఒకరికి రాదు. చీరలు, దుప్పట్లు చేతులతో ఎత్తి పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా చుట్టూ గోడలా నిలబడ్డారు. మనిషికి రెండు గ్లాసుల నీళ్లే దొరికే చోట, నిన్ను కడగడానికి ఒక్కొక్కరూ ఒక్కో గుక్క పోశారు. నువ్వు ఏడిస్తే వాళ్లు నవ్వారు. ఆ చోటికి పేరు లేదు తల్లీ, ఏమని రాయించను?

జీతం కోసం తిరిగొచ్చానని అందరికీ చెప్పాను. వచ్చింది ఆయన్ను వెతకడానికి. సెలవు దొరికిన ప్రతి శుక్రవారం ఎవరో ఒకరిని అడుగుతూనే ఉన్నాను. నీకు లేనిపోని ఆశ కలుగుతుందని, చనిపోయాడని చెప్పి దాచాను. క్షమించు.

మీ అమ్మ,
ఎలీశమ్మ


కొత్తపేట,
19 జూలై 2010

అమ్మా,

నీ ఉత్తరం దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడి చదివాను. ఎల్బీనగర్ బస్సులు మూడు వెళ్లిపోయాయి. చుట్టూ అంతమంది ఆడవాళ్లు, కూరగాయల సంచులతో, టిఫిన్ డబ్బాలతో. రోజూ తోసుకుని పోయేదాన్ని. ఆ రోజు ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ ఉండిపోయాను.

నిన్న పాస్‌పోర్టు ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పాను. గుమాస్తా, "కొత్తపేట అనే ఉండనియ్యమ్మా, ఎందుకు పరేషాన్?" అన్నాడు.

"అది అబద్ధం సార్. నేను ఎడారిలో పుట్టిన" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టి అంతా విన్నాడు. అఫిడవిట్ కావాలట. రాయించుకొస్తానని చెప్పాను.

పాస్‌పోర్టు తీసుకుని పెద్ద దేశాలకు పోదామనుకున్న మాట నిజమే. ఇప్పుడు చదువు కాగానే కువైట్ దవాఖానల్లోనే ఉద్యోగం చూసుకుంటాను. నేను అక్కడ దిగిన రోజు నువ్వు ఇంటికి బయలుదేరు. పన్నెండేళ్లు నువ్వు వెతికావు. ఇక మా నాన్నను నేను వెతుకుతాను.

నీ కడుపున పుట్టిన,
బ్లెస్సీ