జప్తులో ఉన్న మాయి, కోయని జడ

భగవాన్‌బిగహా ఠాణా దారోగా వారి సముఖమునకు, తేతరియా గ్రామ కాపురస్థుడు బనారసీ మహతో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: దొంగల వద్ద పట్టుబడిన మా ఊరి తల్లి భగవతీ మాయి రాతి విగ్రహమును ఠాణా సామాన్ల గది నుండి విడుదల చేయుట గురించి.

1. సదరు విగ్రహము నల్లరాతిది, చేత కలువ గలది, మా ఆడవాళ్ల చేతులు తగిలి తగిలి ముక్కు అరిగినది. పట్టుకున్నందుకు తమకు కృతజ్ఞులము. అయితే దొంగలు జామీను మీద ఇళ్లకు పోయి ఆలుగడ్డలు వేసుకొనుచున్నారు. మాయి ఒక్కతే లోపల ఉన్నది.

2. మ్యూజియం పండితుడు వచ్చి, ఆమె బౌద్ధుల తారాదేవి, పాల వంశపు రాజుల నాటిది అని వ్రాసి ఇచ్చినాడు. అది మొదలు తమ మున్షీగారు, "మీరడిగేది భగవతి, లోపలున్నది తార. పేర్లు కలవట్లేదయ్యా, పో" అని తిప్పి పంపుచున్నారు. ఆమె బౌద్ధురాలే కావచ్చును. బిడ్డలనిచ్చేటప్పుడు మా కులము ఆమె అడగలేదు, మేమూ ఆమెను ఏమీ అడగలేదు.

3. మా పిల్లల పుట్టువెంట్రుకలు ఆమె ఎదుటనే తీయవలెను. ఆమె లేనందున ఊళ్లో మగపిల్లలందరూ జడలతో తిరుగుచున్నారు. నా కొడుకు మంతోష్‌ను బడిలో "ఏమే, గాజులేవే?" అంటున్నారట. బడికి పోనని ఏడ్చుచున్నాడు.

4. వాడి కోసం మాయికి మొక్కినది నా చెల్లెలు సుగియా. ఆ వెంట్రుకలు నేల రాలకుండా మేనత్త కొంగులో పట్టుట మా ఆచారము. ఆమె ఇప్పుడు మంచాన పడినది. సత్తుపిండి కలిపిన నీళ్లు కూడా గొంతు దిగుట లేదు. ఠాణా నుండి రాగానే, "దారోగా బాబు ఏమన్నాడన్నా?" అని అడుగును. "ఒక్క సంతకమే మిగిలిందే" అందును. "ఎన్ని సంతకాలు పెడతాడన్నా, చెయ్యి నొప్పెట్టదూ?" అనును. ఈ అబద్ధము చెప్పి చెప్పి అలసిపోతిని అయ్యా.

కావున పేరు ఏదైనను ఆమె మా మాయియే అని తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బనారసీ మహతో

తా.క. విడుదల సంగతి తర్వాత చూద్దురుగానీ బాబూ, ఆ గది తలుపు కాసేపు తెరిపించండి చాలు. మంగలిని మేమే తెచ్చుకుంటాం. సుగియాను మంచంతో సహా మోసుకొస్తాం. మీ ఠాణాలో ఒక్క వెంట్రుక కూడా పడదు. పొద్దున్నించీ సుగియా నన్నేమీ అడగడం లేదు. పసుపు చీర కట్టించుకుని, కొంగు గుప్పిట్లో పట్టుకుని పడుకుంది. ఇవాళే రమ్మంటారా?